నీకు ఏ గుర్రం వచ్చింది?

ఫిబ్రవరి 9

అక్కకి,

ముందు ఒక సంగతి చెప్తాను, నవ్వకుండా చదువు. నేను గుర్రప్పందెంలో గెలిచాను.

నవ్వుతున్నావని తెలుసు. పొద్దున్న చెప్పుల షాపు తెరిచింది మొదలు మూసేదాకా ఊళ్ళోవాళ్ళ పాదాలు కొలిచేదానికి నాలుగు కాళ్ళ జీవితో ఏం పని అంటావు. పోయిన నెల ఇంటికి ఒక కవరు వచ్చింది. లోపల టైపు కొట్టిన చిన్న కాగితం, కింద 'ప్రొఫెసర్' అని సంతకం. అతని దగ్గర ఒక పద్ధతి ఉందట. గుర్రం వయసు, జాకీ బరువు, నేల తడి, అన్నీ లెక్కగట్టి గెలిచే గుర్రాన్ని ముందే చెప్తాడట. మొదటి మూడు వారాలూ ఉచితం, నమ్మకం కుదిరితేనే చందా కట్టమన్నాడు. మొదటి వారం 'వెండిగిట్ట' అని రాశాడు. శనివారం వెండిగిట్టే గెలిచింది. రెండోవారం ఇంకో గుర్రం పేరు వచ్చింది, అదీ గెలిచింది. మూడోవారం మీ మరిది రంగుల కోసం దాచుకున్న డబ్బు బతిమాలి తీసుకుని, వీధి చివర పందెం కౌంటర్లో కట్టాను. గెలిచింది అక్కా.

మీ మరిది సంగతి తెలుసుగా. జీవితమంతా సైన్‌బోర్డులు రాసినవాడు, అక్షరాన్ని చూసి మనిషిని చెప్పేస్తానంటాడు. ఆ కాగితాన్ని కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూసి, "ఇంత తిన్నగా టైపు కొట్టినవాడు అబద్ధం ఆడడు" అని తేల్చేశాడు. చందా కట్టేశాను.

ఎవరికైనా చెప్పుకోకపోతే నిలవలేను. చెప్పుకోవడానికి నువ్వు కాక నాకెవరున్నారు? బావకి నమస్కారాలు.

నీ
పొట్టి

—

ఫిబ్రవరి 20

పొట్టికి అక్క ఆశీస్సులు.

నవ్వలేదు. భయపడ్డాను. ఉత్తరం అందేసరికి ఒక కస్టమరు తలకి రంగు పట్టించి కూర్చోబెట్టాను. నీ ఉత్తరం రెండోసారి చదువుతూ ఆవిడ సంగతే మరిచిపోయాను. ఆవిడకి రావలసినదాని కంటే నాలుగు ఛాయలు ఎక్కువ నలుపు వచ్చింది. పదేళ్ళు తగ్గినట్టున్నానని మురిసిపోతూ వెళ్ళింది కాబట్టి సరిపోయింది.

అసలు ఒక్క మాట ఆలోచించు. గెలిచే గుర్రం ఏదో తెలిసినవాడు తనే పందెం కాసుకుని హాయిగా కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటాడు గానీ, స్టాంపులు నాలుకతో తడిపి నీకూ నాకూ ఉత్తరాలు రాస్తూ కూర్చుంటాడా? చందా ఎందుకు అతనికి? మరిది మాట కట్టిపెట్టు. అతను అక్షరాన్ని చూస్తాడు, అర్థాన్ని చూడడు.

అయినా నువ్వెప్పుడూ ఇంతే. చిన్నప్పుడు గారడీవాడు నీ చెవిలోంచి నాణెం తీస్తే, మర్నాడంతా చెవి తడుముకుంటూ తిరిగావు.

ఒక పని చెయ్యి. నా అడ్రసు కూడా ఆ ప్రొఫెసరుకి పంపు. ఉచితమే కదా, నాకూ రానీ. నేను పరీక్షించి, ఇది నిజమో మోసమో తేల్చి చెప్తాను. అంతవరకూ ఇంకేమీ కట్టకు.

మీ బావ డ్యూటీకి వెళ్ళాడు. ఈ నెలంతా దూరపు రూటు బస్సు వేశారు. చొక్కా కాలరు మీద ప్రతి ఊరి దుమ్మూ తెచ్చి నా చేత ఉతికిస్తున్నాడు.

అక్క

—

మార్చి 14

అక్కా,

నీ అడ్రసు పంపాను. వాళ్ళ ఫారంలో 'మీకు ఏమవుతారు' అని ఒక గడి ఉంటే 'సొంత అక్క' అని నింపాను. చుట్టాన్ని చేర్పిస్తే చందాలో కొంత తగ్గిస్తారట, అదీ కలిసొచ్చింది.

కట్టొద్దన్నావు గానీ నీ ఉత్తరం వచ్చేలోపే కట్టాను, మళ్ళీ గెలిచాను. మా ఇంటికి ఫ్రిజ్ వచ్చింది. లేత నీలం రంగు. వంటింట్లో పట్టక ముందుగదిలో పెట్టాం, వచ్చినవాళ్ళందరికీ అదే కనిపిస్తోంది. తలుపు తీస్తే లోపల దీపం వెలుగుతుంది, మూస్తే ఆరిపోతుంది. నిజంగా ఆరిపోతోందో లేదో తెలుసుకోవడానికి మీ మరిది సందులో కన్ను పెట్టి చూస్తుంటాడు. పక్కింటి టైపిస్టు తన పాల గిన్నె మా ఫ్రిజ్‌లో పెట్టుకుంటానని అడిగింది. నన్ను ఒకరు వచ్చి ఒకటి అడగడం నాకు కొత్త.

మా షాపు ఓనరు కూడా నా వంక తేడాగా చూస్తున్నాడు. మొన్న కొత్త జోడు తొడుక్కుని వెళ్ళాను, మా షాపులో కొన్నవి కావు.

చందాదారులకి ఒక నియమం ఉంది, నీకూ చెప్తారు. గుర్రం పేరు ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పకూడదు. నలుగురికీ తెలిస్తే అందరూ అదే గుర్రం మీద కాస్తారు, అప్పుడు గెలిచినా చేతికి చిల్లరే వస్తుంది. చెప్పినట్టు తెలిస్తే పేరు కొట్టేస్తారట.

నీ
పొట్టి

—

ఏప్రిల్ 2

పొట్టికి,

కుశలమే. నాకు ఉచితంగా వచ్చినవాటిలో మొదటిదీ రెండోదీ గెలిచాయి. మూడోదాకా ఆగలేదు. ఆగలేకపోవడానికి కారణం నువ్వే.

పోయిన నెల ఒక ఆదివారం మీ బావ బస్సు మీ ఊరు మీదుగా వెళ్ళిందట, మీ ఇంట్లో టీ తాగాడట. వచ్చింది మొదలు మీ ఇంటి కబుర్లే. "మీ చెల్లెలు ఎంత బాగా సర్దుకుంది, ముందుగదిలో ఆ నీలం ఫ్రిజ్, చల్లటి నీళ్ళు గాజుగ్లాసులో తెచ్చి ఇచ్చింది" అని బూట్లు విప్పుతూ ఒకసారి, అన్నం దగ్గర ఒకసారి, పడుకోబోతూ ఒకసారి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేనిచ్చిన నీళ్ళ గురించి ఆయన ఒక్కసారైనా మాట్లాడి ఎరగడు. నాకు ఒళ్ళు మండింది. ఉన్నమాట రాస్తున్నాను, దాచుకోవడం నాకు చేతకాదు.

చందా కట్టాను. మీ బావకి చెప్పలేదు. కట్టిన వారమే నా గుర్రం ఎక్కడో వెనక వచ్చింది. ఆ పైవారమూ అంతే. ఆ రెండు శనివారాల్లోనూ నువ్వు గెలిచావా? గెలిచి ఉంటే ఏ గుర్రం మీద? నియమం సంగతి నాకూ రాశారు. కానీ నేను ఎవరో కాదు, ఒకే పళ్ళెంలో తిన్నదాన్ని. పందెం అయిపోయాక చెప్తే వచ్చే నష్టమేమిటి? వెంటనే రాయి.

అక్క

—

ఏప్రిల్ 15

అక్కకి నమస్కారాలు.

నువ్వు అడిగావని నాకూ చెప్పాలనే ఉంది. కానీ సంతకం పెట్టి ఒప్పుకున్నాక ఎలా చెప్పను? ఉత్తరాలు ఎక్కడ ఎవరు విప్పి చూస్తారో. నా పేరు కొట్టేస్తే నేనేమైపోవాలి?

గెలిచానా అని అడిగావు. దేవుడి దయవల్ల బాగానే ఉంది. వేసవిలో సముద్రం చూసి రావాలనుకుంటున్నాం.

నాకు తోచేదేమిటంటే, నువ్వు ఆర్డినరీ మెంబరువి. నేను ఎక్కువ చందా కట్టి స్పెషల్‌గా చేరాను. ఆర్డినరీ వాళ్ళకి వేరే గుర్రం, మాకు వేరే గుర్రం ఉంటుందేమో. నీకు కుదరకపోతే మానెయ్యి అక్కా. అందరికీ అన్నీ కలిసిరావు కదా. నీకు షాపు ఉంది, పేరుంది, నీ చేత జుట్టు కత్తిరించుకోవడానికి జనం వరసలో కూర్చుంటారు. ఇదొక్కటి నాకు వదిలెయ్యకూడదూ?

బావ మళ్ళీ ఇటు వస్తే రమ్మను. ఆయనకి మా చల్లనీళ్ళు నచ్చినట్టున్నాయి.

నీ చెల్లెలు

—

మే 27

చెల్లికి,

'అందరికీ అన్నీ కలిసిరావు' అని నాకు రాస్తావా? నీకు జడ వెయ్యడం నేర్పింది నేను. నీ పెళ్ళినాడు నీ తలలో ప్రతి పిన్నూ గుచ్చింది నేను.

ఆ తర్వాత ప్రొఫెసరు నాకు విడిగా రాశాడు. 'మీ సోదరిగారు స్పెషల్ మెంబరుగా చేరి ఎంత లాభపడ్డారో మీకు తెలిసే ఉంటుంది, వారి అదృష్టం మీకు మాత్రం ఎందుకు దక్కకూడదు' అని. వారం రోజులు ఆ కాగితం అద్దం ముందే ఉంది. ఎవరొచ్చి నా ముందు కూర్చున్నా నాకు కనిపించింది నీ నీలం ఫ్రిజ్జే.

నా షాపులో రెండు కుర్చీలుండేవని నీకు తెలుసు. పైకీ కిందికీ కదిలే ఆ రెండోది అమ్మేశాను. దాని మీద పనిచేసే అమ్మాయిని మాన్పించాను. కుర్చీని పైకి లేపే పంపు పాడైంది, రిపేరుకిచ్చానని మీ బావతో చెప్పాను. స్పెషల్‌గా చేరాను. ఇప్పుడు నువ్వెంతో నేనూ అంతే. వచ్చిన కాగితంలో ఏముందో చూడు: 'ఈ వారం స్పెషల్ మెంబర్లందరికీ ఒకే గుర్రం. గెలవగలిగినది ఇదొక్కటే. దీనికి తిరుగు లేదు.' తిరుగు లేకపోవడం నిజమే. వెళ్ళిన గుర్రం ఇంకా తిరిగి రాలేదు. నాలుగు వారాలు ఇదే వరస.

నాకు అర్థమైంది. నువ్వు నా మీద ఏదో రాశావు వాళ్ళకి. అక్కకి మంచి గుర్రం ఇవ్వొద్దని రాశావా? లేక నాకొచ్చేది కూడా నీకే పంపించుకుంటున్నావా? నీకొచ్చిన కాగితాలన్నీ, ఒక్కటి తగ్గకుండా, నాకు పంపు. పంపకపోతే నాకు చెల్లెలు లేదనుకుంటాను. నియమం గురించి ఇంకొక్క మాట రాయకు.

అక్క

—

జూన్ 10

అక్కా,

కాగితాలన్నీ ఇందులో ఉన్నాయి. చూసుకో. నేను నీ మీద ఎవరికీ ఏమీ రాయలేదు.

ఫ్రిజ్ లేదు. వాయిదాలు కట్టలేదని పోయిన నెల కొట్టువాళ్ళు వచ్చి పట్టుకుపోయారు. పక్కింటి టైపిస్టు పాల గిన్నె ఇంకా లోపలే ఉంటే, మెట్ల మీద ఆపి తీసిచ్చాను. సముద్రానికీ వెళ్ళలేదు. నేను చివరిసారి గెలిచింది మార్చిలో, ఫ్రిజ్ కొన్న వారం. ఆ తర్వాత ఒక్క శనివారం కూడా గెలవలేదు.

మరి ఎందుకలా రాశావంటావు. ఏప్రిల్‌లో నువ్వు రాసిన ఉత్తరం గుర్తుందా, నీకు ఒళ్ళు మండిందని? దాన్ని షాపుకి తీసుకెళ్ళి, భోజనం వేళ పెట్టెల గదిలో కూర్చుని ఎన్నిసార్లు చదువుకున్నానో. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను చూసి కుళ్ళుకోవడం అదే మొదటిసారి. నేను నీ గౌన్లు అంచు మడిచి కుట్టించుకుని తొడుక్కున్నాను. నీ పుస్తకాల్లో నీ పేరు కొట్టేసి నా పేరు రాసుకున్నాను. నాన్న స్నేహితులెవరొచ్చినా "ఇది పెద్దది, చూడండి ఎంత చురుకో" అనేవాడు, నన్ను చూపించి "ఇది దీని చెల్లెలు" అనేవాడు. ఆ మాట మీదే ఇంతదాన్నయ్యాను. అలాంటిది నువ్వు, నన్ను చూసి. ఓడిపోయానని రాస్తే అది కాస్తా పోతుంది. అందుకని గెలుస్తున్నానని రాశాను.

నువ్వు కుర్చీ అమ్ముతావని నేను కలలో కూడా అనుకోలేదు. మానెయ్యమనే కదా రాశాను. కానీ ఎలా రాస్తే నువ్వు మానవో అలా రాశాను, అది ఇప్పుడు చదువుకుంటే తెలుస్తోంది.

మీ మరిది బోర్డు పనితో పాటు రాత్రి కాపలా పని ఒప్పుకున్నాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బావుండును.

పొట్టి

—

జూన్ 19

పొట్టీ,

నిజం చెప్తున్నాను. నువ్వు కూడా పోగొట్టుకున్నావని చదవగానే నాకు ముందు కలిగింది సంతోషం. ఫ్రిజ్‌ను మెట్ల మీంచి దింపుతున్నట్టు ఊహించుకుని ఇంకోసారి సంతోషపడ్డాను. కాసేపటికి ఆ పాల గిన్నె గుర్తొచ్చి ఏడుపొచ్చింది. రెండూ ఒక్క పూటలోనే.

తర్వాత షాపు మూసి, నీ కాగితాలూ నా కాగితాలూ నేల మీద జంటలుగా పరిచాను. మే నెల చూడు. ఒకే శనివారం, ఒకే పందెం, ఇద్దరమూ స్పెషలే. నీ కాగితంలో 'గెలవగలిగినది తోకచుక్క ఒక్కటే' అని ఉంది. నా కాగితంలో 'గెలవగలిగినది రాణీగారు ఒక్కటే' అని ఉంది. మిగతా వాక్యాలు కామాతో సహా ఒక్కటే. ఆ పైవారం నీకో పేరు, నాకో పేరు. అన్ని వారాలూ అంతే.

ఎలా జరుగుతుందో ఇప్పుడు కనపడింది. పందెంలో ఎన్ని గుర్రాలుంటే అన్ని రకాల కాగితాలు కొడతాడు. ఏదో ఒకటి గెలవక తప్పదు. చందా కట్టేదాకా, గెలిచిన కాగితం ఎవరికి వెళ్ళిందో వాళ్ళకి మాత్రమే పైవారం మళ్ళీ రాస్తాడు, వాళ్ళనీ మళ్ళీ పంచుతాడు. మూడుసార్లూ కలిసొచ్చినవాళ్ళు నీలాగా ఉంటారు, అతన్ని దేవుడనుకుంటారు. ఓడినవాళ్ళు సిగ్గుపడి నోరు మెదపరు. లెక్కలూ లేవు, నేల తడీ లేదు. పద్ధతి అంటూ ఉంటే ఇదే. పేరు చెప్పకూడదన్న నియమం చేతికి చిల్లరే వస్తుందని కాదు, మనలాంటి ఇద్దరు కాగితాలు పక్కపక్కన పెట్టుకోకూడదని. ఆ కాపలా అతనికి మనమే కాశాం. నువ్వు దాచావు, నేను అనుమానించాను.

ఇంకొకటి. మరిదితో చెప్పు, రెండు కాగితాలూ తిన్నగానే టైపు కొట్టి ఉన్నాయి.

మీ బావకి అంతా చెప్పేశాను. చొక్కా మడతపెడుతూ విన్నాడు. తర్వాత, "కుర్చీ పంపు బాగయ్యాక చెప్తావేమోనని చూస్తున్నా" అన్నాడు. కుర్చీ అమ్మిన సంగతి ఆయనకి ఎప్పుడో తెలుసట. కొన్నవాళ్ళ షాపు ఆయన బస్సు ఆగే చోటే ఉంది. ఇద్దరం కలిసి పోలీస్ స్టేషనుకి వెళ్ళాం. ఒక్కరి ఫిర్యాదుకి కేసు కదలదు, ఇంకా ఎవరైనా ఉంటే తీసుకురండి అన్నారు. నా షాపు అద్దం మీద ఒక చీటీ అంటించాను. చూస్తుండగానే జనం వచ్చారు. ఒక నర్సు, ఒక రిటైరైన క్లర్కు, ఒక టైలరు, భర్తకి తెలియకుండా ఒకావిడ, భార్యకి తెలియకుండా ఆవిడ భర్త. వచ్చిన ప్రతివాళ్ళూ కూర్చోకుండానే పక్కవాళ్ళని అడిగింది ఒకటే మాట: "మీకు ఏ గుర్రం వచ్చింది?" ప్రతివాళ్ళూ మంచి గుర్రం పక్కవాళ్ళకి పోతోందనే ఇన్నాళ్ళూ అనుకున్నారు.

పోలీసులు అడ్రసుకి వెళ్తే అది ఒక పోస్టు బాక్సు. ఖాళీ చేసి పోయాడు. పోయినది రాదు, ఆశ పెట్టుకోకు.

నీ మీద కోపం ఇంకా ఉంది. తగ్గాక రాస్తాను.

అక్క

—

జూలై 21

అక్కా,

కోపం తగ్గిందని నువ్వు రాయలేదు. అయినా రాయక తప్పడం లేదు.

నిన్న ఒక కవరు వచ్చింది. ఇప్పుడు ప్రొఫెసర్ కాదు, 'డాక్టర్'. ఊరు వేరు, కాగితం రంగు వేరు. వాక్యాలు మాత్రం అవే. మన పేర్లూ వరసలూ పట్టుకుపోయినట్టున్నాడు. అందులో ఇలా ఉంది: 'మీ సోదరిగారు ఇప్పటికే మాతో చేరారు. పోయిన శనివారం గెలిచిన గుర్రం వారికి వెళ్ళింది. మీకు చెప్పవద్దని కోరినందున ఇంతకు మించి రాయలేము.'

మోసమని నాకు తెలుసు. నువ్వు నేల మీద కాగితాలు పరిచి విడమరిచి చెప్పావు. మా షాపులో పనిచేసే అమ్మాయికి నేనే ఆ లెక్కంతా వివరించాను. అయినా ఆ వాక్యం మళ్ళీ మళ్ళీ చదివాను. అతనిది మోసమే అయినా నువ్వు చేరి ఉండొచ్చు కదా అనిపించింది. నెల దాటినా నువ్వు రాయకపోవడానికి అదే కారణమేమో అనిపించింది. పోలీసులూ చీటీ అంతా నన్ను పక్కకి తప్పించడానికేమో అని కూడా అనిపించింది. మీ మరిది నా చేతిలోంచి కాగితం లాక్కుని, "మీ అక్కనే అడుగు, నన్ను కాదు" అన్నాడు.

అందుకని అడుగుతున్నాను. చేరావా? చేరకపోతే చేరలేదని ఒక్క ముక్క రాయి. చేరి ఉంటే, నీ మీద ఒట్టు, ఏమీ అనను. నాకు తెలిస్తే చాలు.

పొట్టి

—

జూలై 28

పొట్టికి,

చేరలేదు.

నాకూ వచ్చింది. అదే డాక్టరు, అదే రంగు కాగితం. 'మీ సోదరిగారు మొదటి రోజే చేరారు, రెండుసార్లు గెలిచారు' అని. నేను వంటగదిలో నిలబడి చదివాను. నీలాగే నాకూ మోసమని తెలుసు. ఊళ్ళో అందరికీ మోసమని చెప్పినదాన్నే నేను. చదివాక పర్సు తీసి అందులో ఎంతుందో చూశాను. ఎందుకు చూశానని అడగకు. మీ బావ చూసి పర్సు తీసుకుని మళ్ళీ అలమర్లో పెట్టాడు. నీ ఉత్తరం అందేదాకా నువ్వు చేరావనే అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక కూడా, ఇది నన్ను మాయ చెయ్యడానికి రాసిందేమో అనుకున్నాను, ఒక పూట.

ఉత్తరాల్లో ఇక ఇది తేలదు. నేను చేరలేదని రాస్తాను, నువ్వు చేరలేదని రాస్తావు, ఇద్దరమూ కవరు మూసి ఎదటివాళ్ళ మొహం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకుంటూ కూర్చుంటాం. ఆ డాక్టరుకి కావలసిందీ అదే.

శనివారం పొద్దున్న మీ బావ బస్సులోనే వస్తున్నాను. షాపు మూసి వస్తున్నాను కాబట్టి కబుర్లకి వస్తున్నాననుకోకు. పందెం మధ్యాహ్నం. నువ్వు సెలవు పెట్టు. తలుపు వేసుకుని ముందుగదిలో ఎదురెదురుగా కూర్చుందాం. పందెం అయిపోయేదాకా నువ్వు నా కళ్ళముందు ఉండు, నేను నీ కళ్ళముందు ఉంటాను. ఇప్పట్లో మన ఇద్దరికీ అంతకు మించిన నమ్మకం కుదరదు. పై శనివారం సంగతి ఆ సాయంత్రం మాట్లాడుకుందాం.

అక్క